కొట్టేసిన కారణాంకం

చియతురాలో రాత్రి బడి
ఏడింటికి మొదలై, కరెంటు ఉన్నంతసేపు.
కింద క్విరిలా నది మాంగనీసు కడుక్కుని
కాటుక కారినట్టు పోతోంది.
నల్లబల్ల మీద లమారా టీచర్ రాసిన ప్రమేయం:
పైన రెండు ఎక్స్ వర్గం మైనస్ ఎనిమిది,
కింద ఎక్స్ వర్గం మైనస్ ఎక్స్ మైనస్ రెండు.

వెనక బెంచీలో ఎల్గుజా.
ముప్ఫై ఒక్క ఏళ్ళు తీగబండి మర తిప్పిన చేతులు,
పట్టుకుంటే పెన్సిలే బెదురుతుంది.
సర్టిఫికెట్ లేనివాణ్ణి కొత్త బండి ముట్టనివ్వరట.
మనవరాలి జామెట్రీ బాక్సు అరువు తెచ్చుకున్నాడు,
మూత మీద పిల్లి బొమ్మ.

"ముందు హారాన్ని అడగండి
నీకు సున్నా ఎక్కడొస్తుందని.
పేరుకి హారమే గానీ పీక నొక్కేది అదే."
విడగొడితే కింద రెండు ముక్కలు:
ఎక్స్ మైనస్ రెండు, ఎక్స్ ప్లస్ ఒకటి.
పైన కూడా ఉందొక ఎక్స్ మైనస్ రెండు.
క్లాసంతా ఒక్క ఊపున కొట్టేసింది
పైదీ, కిందిదీ.

మిగిలినదానికి మైనస్ ఒకటి దగ్గర నిలువుగీత.
చుక్కలు చుక్కలుగా గీశాడు, అడుగు పెట్టరాని చోటని.
మైనస్ సున్నా పాయింట్ తొమ్మిది దగ్గర ఇరవై రెండు.
ఇంకాస్త జరిగితే రెండు వందల రెండు.
గీతకి అవతలి నించి వస్తే
మైనస్ నూట తొంభై ఎనిమిది.
"ఇదేం లోయ టీచర్,
వెంట్రుకవాసి తేడాకి ఒకడు పైకి, ఒకడు పాతాళానికి?"
మన ఊరేగా, అని ఎవరో నవ్వారు.

అడ్డగీతకి దగ్గరి చూపు పనికిరాదు,
దూరం పోవాలి.
అంత దూరంలో చిల్లర పదాలు వినపడవు,
నది హోరులో పేరు పెట్టి పిలిచినట్టు.
పెద్ద ఘాతాలు రెండూ సమానం,
వాటి గుణకాల్ని భాగిస్తే రెండు.
తొమ్మిది దగ్గర రెండు పాయింట్ రెండు,
తొంభై తొమ్మిది దగ్గర రెండు పాయింట్ సున్నా రెండు.
వక్రం ఒరిగి ఒరిగి వస్తుంది గానీ
రెండుని ముట్టదు.

ఎల్గుజా లేచి నిలబడ్డాడు. "ఒప్పుకోను.
పై స్టేషన్ దగ్గర నేనూ ఇట్లాగే నెమ్మది చేస్తాను,
జానెడు, బెత్తెడు, అంగుళం.
చివర్న ఠక్కున తగులుతుంది.
తగలకపోతే ముసలమ్మలు దిగేదెట్లా?
గొడుగుతో కొడతారు నన్ను."
లమారా బల్ల పట్టుకుని నవ్వింది.
"నీ బండికి తీగ అయిపోతుంది ఎల్గుజా,
ఎక్స్‌కి అయిపోదు."

సంచులు సర్దుకుంటున్నారు.
"కొట్టేసినవాణ్ణి మరిచారు," అంది.
ఎక్స్ రెండయితే పైనా సున్నా, కిందా సున్నా.
అక్కడ గోడ లేదు, లోయ లేదు,
వక్రం ఏమీ ఎరగనట్టు సాగిపోతుంది,
ఎనిమిదిలో మూడో వంతు ఎత్తున
ఒక్క బిందువు తప్ప.
అక్కడ ఖాళీగా, చిన్న సున్న చుట్టాలి.

ఎల్గుజా చుట్టాడు. చాలాసేపు చుట్టాడు.
కింది స్టేషన్‌లో ఒతియా ఉండేవాడు,
రెండు గంటలు కొడితే ఇతను మర తిప్పేవాడు.
మార్చిలో డ్యూటీ పుస్తకంలో
ఆ పేరు మీద స్కేలు పెట్టి గీత గీశారు.
బండి ఒక్క రోజూ ఆగలేదు.

కరెంటు పోయింది.

పరీక్షలో అదే లెక్క.
నిలువుగీత సరిగ్గానే కనుక్కున్నాడు.
ఎక్స్ రెండు దగ్గర విలువ ఎంత, అన్న ప్రశ్నకి
లేదు అనాల్సిన చోట
"లేడు" అని రాశాడు.
ఎర్ర పెన్ను ఆ అక్షరం మీదికి వెళ్ళి
దిద్దకుండా వెనక్కి వచ్చింది.

ఒక మార్కు మాత్రం తగ్గించింది,
అడ్డగీతకి సమీకరణం రాయలేదని.